మా హాల్లో ఫ్రాన్సు

ఫ్రాన్సులో ఎండ ఎక్కువగా ఉంది, ఫ్యాను ఇటు తిప్పమన్నాడు మా ఆయన. తిప్పాను.

ఫ్రాన్సు మా హాల్లో, టీవీకీ సోఫాకీ మధ్య ఉంటుంది. వెనక చక్రం ఊడదీసిన సైకిలును ఒక మిషనుకు బిగించారు. తొక్కుతుంటే టీవీలో రోడ్డు కదులుతుంది. అక్కడ రోడ్డు ఎత్తెక్కితే ఇక్కడ పెడలు బరువెక్కుతుంది. కింద నది, నది మీద మూడు బురుజుల పాత రాతి వంతెన, వంతెన దాటితే కొండలు, కొండల మీద ద్రాక్షతోటలు. ఆ ఊరి పేరు కావోర్ అట. చివర ఇంకో అక్షరం ఉంటుంది కానీ పలకకూడదట. ఉండాలి, వినపడకూడదు. మా ఇంట్లోనూ అలాంటి అక్షరం ఒకటుంది. పొద్దున్నే లేచి ఇడ్లీలు వేస్తుంది.

మా ఆయన పెంచలకృష్ణ అల్లూరులో రొయ్యల మేత డీలరు. అల్లూరులో కొండల్లేవు. రొయ్యల గుంట గట్టెక్కితే శిఖరం ఎక్కినట్టే. అయినా మేత డీలర్ల సంఘానికి ఈ ఏడాది ఉన్నట్టుండి ఆరోగ్యం మీద ప్రేమ పుట్టింది. ఎవరింట్లో వాళ్ళు ఈ మిషను మీద కావోర్ కొండలెక్కాలి. అందరికన్నా ఎక్కువ ఎక్కిన మనిషిని సంఘం ఖర్చుతో నిజం కావోర్‌కు పంపిస్తారు, అక్కడ నిజం సైకిలు ఇస్తారు, నిజం కొండెక్కొచ్చు. అధ్యక్షుడు సంజీవరావుగారు ఈ మాట అన్న మర్నాటికల్లా డీలర్లంతా బిగుతు చొక్కాలు, బిగుతు లాగులు, హెల్మెట్లు, నల్లద్దాలు కొనేశారు. రోడ్డు మీద ఇసుక లారీల మధ్య బుల్లెట్ నడిపేటప్పుడు మా ఆయన హెల్మెట్ పెట్టుకోడు. హాల్లో పెట్టుకుంటాడు. పడితే సోఫా తగులుతుంది కదా.

మొదటి వారం ఆయనే తొక్కాడు. అంటే కాసేపు తొక్కి, అంతకు రెండింతల సేపు ఫొటోలు దిగేవాడు. చెమట తుడవడం, మజ్జిగ అందించడం, ఆ లాగును ఒంటి నుంచి ఊడబెరకడం నా పనులు. రెండో వారానికి మోకాలు పట్టేసింది.

"మధ్యాన్నం ఊరికే పండుకోనుంటావు గదా," అన్నాడు. "నువ్వు పోయిరాకూడదా ఫ్రాన్సుకి? నా పేరు మీద తొక్కు. మిషనుకేం తెలస్తాది, ఆడా మొగా."

మా అత్తగారు పిచ్చమ్మగారు సమర్థించారు. "తొక్కితే ఏం పోతాదమ్మా. కూర్చోని చేసే పనే గదా."

అలా అంట్లకూ బట్టలకూ మధ్య నాకు కొండలు వచ్చి చేరాయి.

నైటీ పైకి దోపుకుని ఎక్కిన మొదటి రోజు, వంతెన దాటిన మొదటి మలుపుకే తొడలు మంటెత్తాయి. తిట్టుకుంటూ తొక్కాను. ఎవరినని అడగొద్దు. కానీ వారం తిరిగేసరికి ఒక సంగతి పట్టుకున్నాను. ఇంటి పని ఎక్కడ చేస్తే అక్కడే చెరిగిపోతుంది. తోమిన గిన్నె సాయంత్రానికి జిడ్డు, ఉతికిన చొక్కా రేపటికి చెమట. కొండ అలా కాదు. ఎక్కిన ఎత్తు ఎక్కినట్టే ఉంటుంది. టీవీ మూలన అంకె పెరుగుతుంది, మళ్ళీ తగ్గదు. నలభై ఏళ్ళకు నేను చేసిన పని ఒకటి మిగిలింది. దాని పక్కన పెంచలకృష్ణ అని ఉంది, అంతే తేడా. కొండ పైదాకా పోయి చూస్తే ఆ ఊరికి మూడు వైపులా నది, ఒక వైపే దారి. మా ఇంటి లాంటి ఊరు, కాకపోతే ఆ ఒక్క దారిలో అత్తగారు మంచమేసుకుని కూర్చోలేదు. నిజంగా అక్కడ నిలబడి, నా ఒంటి చెమట ఆ గాలికి ఆరితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. పెళ్ళయ్యాక నాకు ఏదన్నా కావాలనిపించడం అదే మొదలు.

మా ఆయన కొట్టే మనిషి కాదు. ఈ మాట మా అత్తగారు చెబుతారు. ఆయనకు చెయ్యి జారుతుంది, అంతే. పెళ్ళయిన కొత్తలో సాంబారులో ఉప్పెక్కువై జారింది. మా అమ్మతో ఫోనులో గట్టిగా నవ్వినందుకు జారింది. గుంటలకు రోగమొచ్చిన ఏడాది వారం వారం జారింది. ఒకసారి జారి నా పై పన్ను ఊడిపడింది. కట్టించాడు, మంచి డాక్టరు దగ్గరే. "పెళ్ళానికి ఏం తక్కువ చేసినాడని," అన్నారు మా అత్తగారు కొత్త పన్ను చూసి. నేనూ శాంతమూర్తిని కాను. రొయ్య ఒలిచేటప్పుడు ముందు తల తుంచాలి. మెడ కింద బొటనవేలు పెట్టి ఒక్క మెలి. అప్పుడు ఎవరి ముఖం తలుచుకుంటానో చెప్పను. మా ఇంట్లో రొయ్యల కూర తరచుగా వండుతాను.

పోటీ చివరికి ఇద్దరు మిగిలారు. అల్లూరు పెంచలకృష్ణ, బుచ్చిరెడ్డిపాలెం మస్తానయ్య. ఆదివారం అందరూ వీడియో కాల్‌లో ఉండి, ఒకే కొండ ఒకేసారి ఎక్కాలి. ముందు ఎక్కిన వాళ్ళు ఫ్రాన్సుకు. "కాళ్ళలో ఏం పెట్టుకున్నావు కృష్ణా," అని తోటి డీలర్లు అడిగితే మా ఆయన ఫోనులో వినయంగా, "అంతా సాధనన్నా," అంటున్నాడు.

శనివారం మధ్యాహ్నం రసం వడ్డిస్తూ అన్నాను. "కొండెక్కింది నేను. ఫ్రాన్సుకు నేను పోతా."

మా ఆయన నవ్వాడు. అత్తగారు నవ్వారు. మంచి జోకే వేశాననిపించింది. గరిటె కింద పెట్టి మళ్ళీ చెప్పాను. "సంజీవరావుగారికి ఫోన్ చేసి, తొక్కింది మా ఆడమనిషని చెప్పండి. నా పేరు రాయించండి. లేకుంటే రేపు ఎక్కను."

కంచం గోడకు తగిలింది. తర్వాత నేను తగిలాను. జుట్టు పట్టుకుని సైకిలు దాకా ఈడ్చాడు. అక్కడ గాలి కొట్టే పంపు చేతికందింది. "మొగుడి పేరు కొట్టేసి నీ పేరు రాయించుకుంటావా మే," అంటూ ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ వేశాడు. వీపు, నడుము, భుజం. తర్వాత పంపు మోకాళ్ళ వైపు దిగబోయింది. అప్పుడు మా అత్తగారు అడ్డం వచ్చారు, నా కాపురంలో మొదటిసారి.

"కాళ్ళ మీద కొట్టబాకరా. రేపు పోటీ ఉండాది."

ఆయన తల్లి మాట జవదాటడు. ముఖం మీద కొట్టాడు.

ఎడమ కన్ను మూసుకుపోయింది. నోరంతా నెత్తురు. కట్టించిన పన్ను మాత్రం కదల్లేదు, మంచి డాక్టరే. సాయంత్రం ఆయనే ఐసు తెచ్చి కంటికి అద్దాడు. "రేపొక్క పూట ఎక్కి పెట్టు. కావోర్‌లో నీకు మంచి పట్టుచీర చూసి తెస్తా." సరే అన్నాను. భయపడి ఒప్పుకున్నానని ఇద్దరూ అనుకున్నారు. భయం ఉంది. దానికన్నా ఎక్కాలని ఎక్కువ ఉంది.

ఆదివారం పొద్దున వాళ్ళే నన్ను తయారు చేశారు. ఆయన బిగుతు చొక్కా, లాగు. పొట్ట కోసం లోపల సోఫా దిండు. జడ చుట్టి హెల్మెట్. వాచిన కంటికి నల్లద్దాలు. ముక్కు మీంచి గడ్డం దాకా గుడ్డ. అద్దంలో చూసుకుంటే అచ్చం మా ఆయనలా ఉన్నాను. కొట్టబుద్ధేసింది.

ఫోను స్టాండుకు పెట్టారు. చిన్న చిన్న గళ్ళలో డీలర్లు. చాలామంది తొక్కడం ఎప్పుడో మానేసి చూడ్డానికి వచ్చారు, హెల్మెట్లు మాత్రం పెట్టుకునే ఉన్నారు. మస్తానయ్య గడిలో పొడుగు చేతుల చొక్కా, ముఖానికి గుడ్డ. "రడీనా కృష్ణా," అని సంజీవరావుగారు అడిగితే, ఫోను వెనక నిలబడ్డ మా ఆయన, "రడీ అన్నా," అన్నాడు. పంపు ఆయన చేతిలోనే ఉంది.

వంతెన దాటాం. సగం కొండకు మస్తానయ్య నన్ను దాటేశాడు. మా ఆయన పక్కకొచ్చి, కెమెరాకు కనపడనని అనుకుని పంపు కొనతో నిన్నటి దెబ్బల మీదే పొడిచాడు. "తొక్కు మే." కళ్ళకు చీకట్లు కమ్మాయి. తొక్కాను. కుడికాలు కిందికి నొక్కినప్పుడు ఆయన మెడ, ఎడమకాలు నొక్కినప్పుడు ఆయన చెయ్యి. ఎముక విరిగిన చప్పుడు కూడా విన్నాను, మిషను గేరు మారిన చప్పుడు కావచ్చు. మళ్ళీ పొడిచాడు. మళ్ళీ మెడ. చివరి మలుపులో మస్తానయ్యను దాటి, నది మూడు వైపులా కనబడే చోటికి చేరాను.

"శభాష్ కృష్ణా," అన్నారు సంజీవరావుగారు. "నాలుగు ముక్కలు మాట్లాడబ్బా."

ఫోను వెనక మా ఆయన గొంతు సవరించుకునేలోపు నేను హెల్మెట్ తీశాను. అద్దాలు తీశాను. గుడ్డ తీశాను. చొక్కాలోంచి దిండు లాగి సోఫాలో దాని చోట దాన్ని పెట్టాను.

"నా పేరు రోజారమణి," అన్నాను. "కొండెక్కింది నేను. ఈ కంటి మీద దెబ్బ మా ఆయనది. ఎవరిది వాళ్ళ పేరు మీద రాయండి."

మా ఆయన పంపు ఎత్తి నా మీదికి వచ్చాడు. వచ్చి నేరుగా అందరి ఫోన్లలో పడ్డాడు.

"కృష్ణా," అన్నారు సంజీవరావుగారు కంగారుగా. "కెమెరా ఆన్‌లో ఉండాదబ్బా."

కొట్టొద్దని కాదు. కెమెరా ఉందని. పంపు గాల్లోనే ఆగింది. నా ఏడుపుకు, మా అమ్మ దండాలకు, గోడ మీది దేవుళ్ళకు ఎన్నడూ ఆగని చెయ్యి, ఒక్క పొల్లు మాటకు టక్కున ఆగింది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన చెయ్యి ఏనాడూ జారలేదని.

సైకిలు దిగి, స్టాండు నుంచి ఫోను తీసుకుని, కెమెరా ఆయన వైపే పట్టుకుని గడప దాకా వెనక్కి నడిచాను. ఆయన కదల్లేదు.

"ఆ లాగుతో బజారులోకా మే," అన్నారు మా అత్తగారు. "మా పరువేం గాను."

కాల్ కట్ చేయలేదు. టిఫిను సెంటరు దగ్గర జనం ఇడ్లీలు వదిలేసి నా లాగు చూశారు, తర్వాత కన్ను చూశారు, తర్వాత మళ్ళీ లాగు చూశారు. కాళ్ళు నొప్పి పెట్టలేదు. చదును రోడ్డు వాటికి లెక్కలేదు. పోలీస్ స్టేషనులో హెడ్ కానిస్టేబుల్ కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చి, మొత్తం విన్నాడు.

"సాక్షులెవురన్నా ఉండారామ్మా?"

ఫోను బల్ల మీద పెట్టి ఆయన వైపు తిప్పాను. గళ్ళన్నీ నిండుగా ఉన్నాయి. సాక్షులన్న మాట వినపడగానే మొదట సంజీవరావుగారి గడి ఆరిపోయింది. తర్వాత పక్కది. తర్వాత వరసగా అన్నీ. సంతాప సభలో భోజనాలయ్యాక లేచినట్టు లేచిపోయారు. నా నోట్లో మళ్ళీ నెత్తురు రుచి తగిలింది.

ఒక్క గడి మిగిలింది. కింద బుచ్చిరెడ్డిపాలెం మస్తానయ్య అని ఉంది. ఆ మనిషి ఇంకా సైకిలు మీదే ఉన్నాడు, ఇంకా రొప్పుతున్నాడు. ఒకసారి భుజం మీదుగా వెనక తలుపు వైపు చూసి, హెల్మెట్ బకిల్ ఊడదీశాడు. హెల్మెట్ పైకి లేవగానే లోపలి నుంచి పొడుగాటి జడ జారి చొక్కా మీద పడింది.

"నేను చూసినా సార్," అంది ఆమె. "పంపుతో పొడవడం గూడా చూసినా. నా పేరు వినీల. రాసుకోండి."