చీనీ డాక్టరు ఇంటి మాట

హన్నా చదువు సంగతి విని నాచారంలో నవ్వనివాడు పాపాత్ముడు. రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు జ్ఞానయ్య కూతురు ఎమ్మే పాసయిందంటే అందరూ సంతోషించారు. యూనివర్సిటీలో పరిశోధనకు చేరిందంటే ఇంకా సంతోషించారు. తీరా దేని మీద అంటే జర్మన్ జాతి భాషలూ చీనా భాషలూ అనేసరికి నోళ్లు వెళ్లబెట్టారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరి పిల్లలూ టైపింగు, టీచరు ట్రైనింగు అని పోతుంటే ఈ పిల్లకిదేం పిచ్చి? అందులోనూ చీనా వాళ్లతో యుద్ధం అయి నాలుగేళ్లు కాలేదు.

"దుష్మన్ల మాట నేర్సుకోని ఏం జేస్తవ్ బిడ్డా?" అని పక్కింటి అబ్బయ్య మొహం మీదే అడిగాడు.

హన్నా ఏం చెబుతుంది? చిన్నప్పుడు కాన్వెంటులో ఒక జర్మన్ సిస్టర్ దగ్గర ఆ భాష అబ్బింది. ఇంగ్లీషూ జర్మనూ డచ్చూ స్వీడిషూ ఒక తల్లి పిల్లలని పెద్దయ్యాక తెలిసింది. చీనాలోనూ ఒక్క భాష కాదు, బోలెడున్నాయి, అవీ ఒక తల్లి పిల్లలే. నీళ్లు, నిప్పు, కన్ను, చెయ్యి లాంటి మాటలు ఇంట్లో పుట్టి ఇంట్లోనే ఉంటాయి. అవి తొందరగా మారవు. మారినా వేయేళ్లకు ఇన్నని ఒక లెక్క ప్రకారమే మారతాయని కొందరు పండితులు అంటున్నారు. ఆ లెక్క జర్మన్ వాళ్లకూ చీనా వాళ్లకూ ఒకటేనా అన్నదే హన్నా థీసిస్. ఆమె గైడు ప్రొఫెసర్ పరంధామయ్యకు మాత్రం ఒకటేనని ముందు నుంచీ గట్టి నమ్మకం.

ఆయన ఒక్క షరతు పెట్టారు. అన్నీ పుస్తకాల్లోంచి ఏరుకొస్తే కుదరదు, ఒక్క భాషైనా మనిషి నోట్లోంచి తేవాలి. నాచారంలో చీనా నోరెక్కడ దొరుకుతుందని ఎవరైనా దిగులు పడతారు. హన్నాకు ఆ దిగులు లేకుండా ఉప్పల్ దారిలో పళ్ల డాక్టరు లీ ఉన్నాడు. బోర్డు మీద నవ్వుతున్న పళ్ల వరుస బొమ్మ, కింద ఉర్దూలో, తెలుగులో పేరు. మల్లాపూర్ ఫ్యాక్టరీల కార్మికులకు పన్ను నొప్పి పుడితే పెద్ద దవాఖానాకు పోరు, చీనీ డాక్టరు దగ్గరికే పోతారు. ఆయనది హుబేయ్ అనే రాష్ట్రం. ఆ ఇంటి మాటను తానే మొదట రాసుకుంటున్నానని హన్నా పొంగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నాలు షాపు మూసి, లీ ఆమె కోసం కూర్చునేవాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి, టై కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, అడిగిన ప్రతి మాటకూ రెండు సార్లు నింపాదిగా జవాబు చెప్పేవాడు. ఆయన భార్య పరదా పక్క నుంచి టీ కప్పులు అందించేది తప్ప పెదవి విప్పేది కాదు. లీ మాటలు తెచ్చి, పట్టికలో పుస్తకాల పెకింగు మాటల పక్కన పెడితే లెక్క అద్దినట్టు కుదిరింది. పరంధామయ్యగారు ఆనందం పట్టలేక హన్నాకు తానే కాఫీ పోశారు. థీసిస్ ఇవ్వగానే కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం నీదేనన్నారు. జ్ఞానయ్య రిటైరయ్యే లోపల ఆ ఉద్యోగం రాకపోతే రైల్వే క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అంతా ఒడ్డుకు చేరిందనుకున్న సమయంలో ఉమామహేశ్వర్ వచ్చాడు. తెనాలి అబ్బాయి, హన్నాతో పాటే పరిశోధన చేస్తున్నాడు. అతని పరిశోధన తెలంగాణ మాట మీద.

"మీ నాన్నగారి మాట రికార్డు చేసుకోనిస్తారా?" అని అడిగి, టేపు రికార్డరు మోసుకుని ఒకరోజు ఇంటికి వచ్చాడు.

జ్ఞానయ్య పెళ్లినాటి కోటు తీసి తొడుక్కున్నాడు. ఏప్రిల్ నెలలో.

"మీరు పొద్దున్నే ఏం చేస్తారో చెప్పండి" అన్నాడు ఉమామహేశ్వర్.

"మేము వేకువజామున నిద్ర మేల్కొని, ప్రార్థన ముగించి, ఫలహారము స్వీకరించెదము" అన్నాడు జ్ఞానయ్య.

వంటింట్లో హన్నా తల్లి లూర్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉమామహేశ్వర్ తల ఊపుతూ రాసుకున్నాడు. జ్ఞానయ్య అరగంట సేపు రేడియో వార్తలనూ ప్రార్థన పుస్తకాన్నీ కలిపి కొట్టాడు. ఉమామహేశ్వర్ సైకిలెక్కి మలుపు తిరిగాక గాని కోటు విప్పలేదు.

"పాయెనా? జర ఫ్యాన్ ఎయ్యి బిడ్డా, పానం పోయింది" అన్నాడు.

"గట్లెందుకు మాట్లాడినవ్ నాయినా? ఆయన అడిగింది మన ఇంట్ల మాట గదా" అంది హన్నా నవ్వు ఆపుకోలేక.

"ఏందే గది? గంత సదువుకున్నాయన ఇంటికొస్తే మన మాట ఆయన ముందర పెడ్తమా? గది మనకు మనకు. పుస్తకంల ఎక్కేదానికి మంచిది ఇయ్యొద్దా? నీ ఇజ్జత్ ఏంగావాలె?"

హన్నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇస్త్రీ చొక్కా, టై, నిటారు వీపు కళ్ల ముందు కదిలాయి. ఎంత తెలివితక్కువ మనిషి తాను! పెకింగు పుస్తకాలతో ఆయన మాటలు అద్దినట్టు కుదిరాయని మురిసిపోయింది. కుదరక చస్తాయా? ఆయన చెప్పినవి చీనా బళ్లలో నేర్పే ఆ పుస్తకాల మాటలే. తన కన్నతండ్రే అలా చేస్తే, పరాయి దేశంలో పళ్లు పీక్కుని బతికే మనిషి చేయడా? రెండేళ్ల కష్టం పోయిందని ఆ రాత్రి దిండులో మొహం పెట్టి ఏడ్చింది.

మరునాడు పరంధామయ్యగారికి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా హన్నా, హుబేయ్ మాట ఈ దేశంలో ఎవరికి తెలుసు? పరీక్షించేవాళ్లు నీ లెక్క చూస్తారు గాని ఆయన నోట్లోకి తొంగి చూడరు. వచ్చే వారంలోగా ఇచ్చెయ్. గడువు దాటితే ఆ ఉద్యోగం నీ కోసం ఆపి ఉంచలేను."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె మేలు కోరే అన్నాడు. అందుకే హన్నాకు ఎదురు చెప్పడం కష్టమైంది. బస్సు దిగి ఇంటికి పోకుండా ఉప్పల్ దారి పట్టింది. అసలు ఇంటి మాట ఇప్పుడైనా దొరికితే, రేయింబవళ్లు కూర్చుని లెక్క మళ్లీ వేస్తే, గడువు లోపల ఒడ్డెక్కవచ్చు.

లీ అప్పుడే ఒక కార్మికుడి దవడకు దూది పెట్టి పంపిస్తున్నాడు. హన్నా జంకుతూనే అడిగేసింది.

"డాక్టర్ సాబ్, మీరు నాకు చెప్పినవి మీ ఇంట్ల మాటలేనా?"

లీ చేతులు కడుక్కుని, తుడుచుకుని, కూర్చున్నాడు.

"కాదు బిడ్డా. నీకు మంచి మాటలిచ్చిన. ఇస్కూల్ల నేర్సుకున్నయి. యూనివర్సిటీ కితాబుల నా పేరు ఉంటదంటివి. లడాయి అయినప్పటి సంది నెలకోసారి పోలీస్ ఠాణాకు పోయి సంతకం పెట్టేటోన్ని. గసొంటోని పేరు కితాబుల ఉంటదంటే, చెత్త మాట ఎట్లిస్త?"

"చెత్త కాదు సాబ్. నాకు గదే కావాలె. ఇంట్ల మీరిద్దరు ఎట్ల మాట్లాడుకుంటరో గట్ల చెప్పున్రి."

లీ తల దించుకున్నాడు. పరదా కదిలింది. రెండేళ్లలో మొదటిసారి ఆయన భార్య బయటికి వచ్చి, హన్నా ఎదుట స్టూలు మీద కూర్చుంది.

"ఇంట్ల మాట ఇప్పుడు లేదు" అంది. "లడాయి వచ్చినప్పుడు షాపు మీద రాళ్లేసిన్రు. కలకత్తాల మా అన్నను పిల్లలతోని సహా చీనోళ్లని పెట్టే జైలు క్యాంపుకు తీస్కపోయిన్రు. గోడలు పల్చగున్నయి, ఎవలన్న ఇంటరని, గప్పటి సంది ఇంట్ల కూడ ఉర్దూనే. కలలు గూడ ఉర్దూలనే వస్తున్నయి."

వేయేళ్లకు ఇన్ని మాటలు పోతాయని పండితుల లెక్క. ఇక్కడ ఒక ఇల్లు మొత్తం, తాను రోజూ బస్సులో దాటిపోయే రోడ్డు మీద, ఆరేళ్లలో ఖాళీ అయింది. దీన్ని ఏ పట్టికలో ఏ గడిలో రాస్తుంది? అవమానంగా అనిపించింది. ఆ మనుషుల మీద జాలి కంటే తన మీద తనకు కోపమే ఎక్కువ వచ్చింది.

"నేను ఆ పట్టిక తీసేస్తున్న సాబ్" అంది చివరికి. "లెక్క తప్పని రాస్త. మీ పేరు మాత్రం ఉంటది. ఎందుకు తప్పిందో మీరొప్పుకుంటెనే రాస్త."

"మరి నౌకరి?"

"పోతది. ఉమామహేశ్వర్‌కు ఇస్తరేమో. మా నాయినకు ఎట్ల చెప్పాల్నో ఇంక తెల్వదు."

లీ నెమ్మదిగా తల ఊపాడు. హన్నా కలం మూత పెట్టి సంచిలో వేసుకుంది. లేవబోతుంటే ఆయన భార్య ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"ఇంత దూరం వస్తివి. ఒక్కటన్న అడుగు."

పట్టికలో ఉన్న మాటలేవీ హన్నాకు అడగబుద్ధి కాలేదు.

"మీ చిన్నప్పుడు బువ్వకు రమ్మని మీ అమ్మ ఎట్ల పిలిచేది?"

ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు రెండు మూడు సార్లు ఊరికే కదిలాయి. వాకిలి వైపు ఒకసారి చూసుకుంది. తరువాత అంది, మొదట గొణుగుతూ, రెండోసారి గొంతెత్తి, పొలం అవతలికి వినపడాలన్నట్టు దీర్ఘం తీసి. లీ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. హన్నాకు ఆ మాటల్లో ఒక్కటీ తెలిసింది కాదు.

వెనక గదిలో హోంవర్కు చేసుకుంటున్న వాళ్ల ఎనిమిదేళ్ల కూతురు పరదా తప్పించి తొంగి చూసింది. ఇంట్లో ఏదో పేరు, బళ్లో మాత్రం కమలకుమారి. వీధి వైపు చూసి, తల్లి వైపు చూసి, ఉర్దూలో అడిగింది.

"ఎవరిని పిలుస్తున్నవమ్మా?"

"నిన్నే" అంది తల్లి.