ఆఖరి వరుస వడ్డన

...భుజం అంత గట్టిగా తిప్పకక్కా అని అరవబోయి నోరు మూసుకున్నాను, శాంతక్కకు నేను నేర్పేదేముంది, నేను నిక్కర్లు వేసుకుని తిరిగే రోజుల్లోనే ఆమె స్కూలు జట్టుతో కరీంనగర్ దాకా వెళ్లి ఆడొచ్చింది, ఇప్పుడు నలభై దాటాయి, పొద్దంతా బీడీలు చుట్టే చేతులు, ఆ చేతుల్లోకే ఇప్పుడు బాల్ పోవాలి, జగిత్యాల ఎండ నడినెత్తిన కూర్చుంది, మనవి ఐదు పరుగులు, జగిత్యాలవి నాలుగు, మిగిలింది ఏడోది, ఆఖరి ఇన్నింగ్స్ ఒక్కటే, పోయిన ఆదివారం కోరుట్లలో కూడా సరిగ్గా ఇంతే, ఒక్క పరుగు ముందున్నాం, ఆఖరి ఇన్నింగ్స్, ఆ రోజు బాల్ తీసుకెళ్లి పదిహేడేళ్ల సృజన చేతిలో పెట్టాను, నా బుద్ధి గడ్డి తినడానికి పోయింది.

తప్పు ఆ పిల్లది కాదు, నాది, ఈ సాఫ్ట్‌బాల్ ఆటలో బాల్ వేసేవాళ్లు ఒక్కరే చివరిదాకా వేయలేరు, భుజం పడిపోతుంది, అందుకని మొదలుపెట్టే సంధ్యారాణి అలసిపోగానే ఒకరి తర్వాత ఒకరిని పంపడానికి నలుగురిని పోగుచేసుకున్నాను, బుల్‌పెన్ అంటారు, మా సిరిసిల్ల బుల్‌పెన్‌లో ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు కాలేజీ పిల్లలు, శాంతక్క నాకు దొరికింది మైదానంలో కాదు, ఎల్లంతకుంటలో ఒక రేకుల ఇంటి ముందు, రేకుల మీద కోతిని వాకిట్లోంచి ఒక్క రాయితో అదరగొట్టింది, కోతికి తగలలేదు, దాని తోకకు జానెడు దూరంలో రేకు మోగింది, కావాలనే పక్కకు ఏసిన సారు, పాపం అదీ ఆకలితోనే వచ్చింది గద, అంది, అక్కడికక్కడే చేతులు జోడించి జట్టులోకి రమ్మన్నాను, మంచిదే, కానీ పెద్దవాళ్లను పిలుచుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి పిల్లలను ముందు పంపడమా, నాకు ప్రాణం ఒప్పలేదు, మా ఇళ్లల్లో ఏ పెళ్లికైనా భోజనాలకు ముందు వరుసలో పెద్దవాళ్లే కదా కూర్చునేది, అలాగే పంపాను, ముందు శాంతక్క, తర్వాత వసంతక్క, ఆఖరున పిల్లలు, మర్యాద తప్పలేదు, మ్యాచ్ తప్పింది, సృజన వేసిన బాళ్లు ఒక్కటీ తిన్నగా పోలేదు, ముగ్గురిని ఊరికే బేస్‌ల మీదికి పంపింది, నాలుగో అమ్మాయి కొట్టిన దెబ్బకు అందరూ బేస్‌లన్నీ చుట్టి పరుగులు తీసేశారు, ఆ పిల్ల గ్లవ్ తెచ్చి నా బ్యాగులో పెట్టేసింది, సార్ నాతోని కాదు, జగిత్యాలకు మాటిచ్చిన కాబట్టి వస్త, గదే లాస్టు, ఇగ ఎన్నడు రాను అంది, ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు, వారం రోజులు నాకు అన్నం సయించలేదు, చెయ్యి తిరిగిన పిల్లను నా చేతులతో నేనే ఆటకు దూరం చేశానని.

ఇవాళ పొద్దున బస్సు వేములవాడ దాటేదాకా శాంతక్కకు చెప్పాల్సిన మాట నోట్లోనే నానింది, కొడిమ్యాల దగ్గర ధైర్యం చేసి శాంతక్క పక్క సీట్లో కూర్చున్నా, అక్కా ఏమనుకోకు, ఇయ్యాల ముందుగాల సృజనను పంపుత, నువ్వు జెరసేపు కూసోవాలె, ఆఖరుకు పోవాలె, అన్నాను, కిటికీలోంచి చూపు తిప్పి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, అయిపోయింది, బస్సు దిగి ఎల్లంతకుంట పోతానంటుంది అనుకున్నా, నవ్వింది మహాతల్లి, ఎన్నడంటవా అనే చూస్తున్న సారు, పెండ్లిల ఆఖరి వరుస కూసున్నంక కూర తక్కువైతదని ఎరికైతే గరిటె పోరగాండ్ల చేతుల ఉంచుతరా, పెద్దదాని చేతికిస్తరు, ఉన్నది అందరికి సరిపెట్టాలె గద, నువ్వేమో కోరుట్లల నన్ను ముందు వరుసల కూసోబెట్టి ఆ పొల్ల చేతికి గరిటె ఇస్తివి, అంది, మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా అంటే, నువ్వు సారువు, పిలిచి ముందు కూసోబెడితివి, వద్దని ఎట్లంట, అంది, నా గుండె మీద నుంచి గ్రానైటు బండ దించినట్టయింది.

బండ దిగింది గానీ ఈ ఆఖరి ఇన్నింగ్స్ ఇంకా మిగిలే ఉంది, అదిగో సృజన బాల్ తీసుకుని వస్తోంది, ఐదో ఇన్నింగ్సూ ఆరోదీ తానే వేసింది, ఒక్క పరుగే ఇచ్చింది, వెనక శాంతక్క ఉందనే ధీమాతో వేసింది, ఆ ధీమా కోరుట్లలో నేను ఇవ్వలేకపోయాను, చిన్నమ్మా ఇగో, మూడో నంబరు పొల్ల తొందరపడ్తది, మెల్లగెయ్యి, అని బాల్ శాంతక్క చేతిలో పెట్టింది, నేర్పుతున్నది చూడు, కోడిపిల్ల తల్లికి గింజలు చూపించినట్టు, శాంతక్క కూడా బుద్ధిగా తలూపింది, ఒక అవుట్, రెండు, ఇంకొక్కటి చాలు, కానీ మధ్యలో ఒక పిల్ల మూడో బేస్ దాకా వచ్చి నిలబడింది, అది దాటొస్తే లెక్క సమం, ఇప్పుడొచ్చేది ఆ తొందరపడే పిల్లే, శాంతక్కకు చెమట పట్టలేదు, వాకిట్లో నిలబడి కోతిని చూసినట్టు చూసింది, మెల్లగా వేసింది, ఎంత మెల్లగా అంటే అయ్యో అని నేను కళ్లు మూసుకునేంత, ఆ పిల్ల ముందే ఊపేసింది, బ్యాట్ అంచుకు తగిలిన బాల్ నిటారుగా లేచి, లేచి, శాంతక్క చేతుల్లోనే పడింది, గండం గడిచింది, ఐదు నాలుగుతో మ్యాచ్ మనదే.

చెట్టు నీడన టిఫిను గిన్నెలు విప్పారు, పులిహోర, మామిడికాయ తొక్కు, సృజన నా బ్యాగు జిప్పు తీసింది, నీళ్ల సీసా కోసమనుకున్నా, పొద్దున ఆటకిచ్చి, అయ్యాక మళ్లీ నేనే భద్రంగా లోపల పెట్టిన తన గ్లవ్ తీసి తన సంచిలో వేసుకుంది, నా వైపు చూడకుండానే మళ్ల ప్రాక్టీసు ఎప్పుడు సార్ అంది, సోమవారం బిడ్డా అన్నాను, గిన్నెలో పులిహోర చూస్తే పదిహేను మందికి చాలేలా లేదు, అక్కా నువ్వు పెద్దదానివి, ముందు నువ్వు తిను అనబోయాను, అలవాటు అంత తొందరగా పోతుందా, మాట పెదవి దాకా వచ్చింది, శాంతక్క నన్నే చూస్తోంది, ఏమంటానా అని, మాట మింగి గరిటె ఆమె చేతికిచ్చాను, అందరికీ తలా ఇంత పెట్టింది, నాకు పెట్టింది, అడుగున మిగిలింది గిన్నెలోనే కలుపుకుని హాయిగా తింటోంది, ఇన్నాళ్లూ మర్యాద మర్యాద అంటూ నేను ఆమెను చుట్టంలా చూశాను, ఆమె ఇంటిమనిషి.