గుండుగాడి రిపోర్టు

దర్జీ చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం ఒకటుంది. నిన్న సాయంత్రం పశువుల డాక్టరు ఇచ్చాడు. పెంపుడు కుక్క గుండుగాడి చెవిలో చీము పరీక్ష చేయించిన రిపోర్టు అది. పన్నెండు మందుల పేర్లున్నాయి. పదింటి పక్కన ‘లొంగదు’ అని ఉంది, అంటే ఆ మందులకు క్రిమి చావదని. “ఇంట్లో ఎవరికైనా గాయముంటే వీణ్ణి దగ్గరికి రానివ్వకండి” అని ఆయన మరీ మరీ చెప్పాడు.

విరిగిన కాలికి ప్లేటు వేయించుకుని వచ్చిన కూతురు గుండుగాణ్ణి పక్కలో వేసుకునే పడుకునేది. ఇప్పుడా పిల్ల మళ్లీ ఆసుపత్రి మంచం మీద జ్వరంతో మూలుగుతోంది. కుట్లు చీముపట్టాయి.

“అంతా మీ ఆసుపత్రి నిర్వాకమే!” భార్య నర్సు మీద విరుచుకుపడుతోంది. “శుభ్రం లేదు, పాడూ లేదు. మా ఇంటికొచ్చి చూడు, నేల అద్దంలా ఉంటుంది.”

నర్సు సెలైన్ సీసా మార్చింది.

డాక్టరమ్మ వచ్చి కట్టు విప్పి చూసింది. “మూడు రోజులైనా ఈ మందు పనిచేయడం లేదు. చీము పరీక్ష ఫలితానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. ఈలోగా ముదిరితే ప్లేటు తీసేయాలి. ఆ తర్వాత నడక ఎలా ఉంటుందో చెప్పలేను. ఇంట్లో ఎవరైనా ఈమధ్య ఇలాంటి యాంటీబయాటిక్ మందులు వాడారా?”

“ఈయనే, పన్నునొప్పికి,” అంది భార్య. “అదీ సగమే. నొప్పి తగ్గగానే మిగతావి డబ్బాలో దాచేస్తారు. మా ఇంట్లో ఈయనే డాక్టరుగారు!”

అంత జ్వరంలోనూ కూతురు నవ్వబోయింది. దర్జీ చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. డాక్టరమ్మ తలుపు దాటబోయింది.

“అమ్మా, ఒక్క నిమిషం. ఆ మిగిలినవి కుక్కకి వేశాను. మూడు వేస్తే చెవి ఆరింది, ఆపేశా. మళ్లీ కారితే మళ్లీ మూడు వేశా.”

కాగితం అందించాడు. మడతలు చెమటకు తడిసి ఉన్నాయి.

డాక్టరమ్మ నిలబడే చదివింది. “ఇదెప్పుడొచ్చింది?”

“నిన్న సాయంత్రం.”

“నిన్ననా!”

భార్య అతని వైపు చూసింది. తిట్టినా బాగుండుననుకున్నాడు.

“రెండూ ఒకటే క్రిమి అని ఇప్పుడే చెప్పలేను,” అంది డాక్టరమ్మ. “ఎవరి నుంచి ఎవరికి అంటిందో అసలే చెప్పలేను. కానీ ఇది చూశాక పాత మందే ఎక్కిస్తూ కూర్చోలేం.” కాగితంలో లొంగుతుందని రాసిన రెండింటిలో ఒకదాని పేరు నర్సుకు చెప్పింది.

రెండో రోజు మధ్యాహ్నం కూతురి రిపోర్టు వచ్చింది. దర్జీ రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి, గుడ్డ మీద సుద్దగీత సరిచూసుకున్నట్టు వేలితో వరస వరసా పోల్చాడు. ఒక్క తేడా లేదు. అప్పటికి జ్వరం నూటొకటికి దిగింది. ప్లేటు మాట డాక్టరమ్మ ఆ పూట ఎత్తలేదు.

కూతురు కళ్లు తెరిచింది. “నాన్నా, గుండుగాడెక్కడ?”

“పశువుల డాక్టరు దగ్గరే ఉంచాను. వాడికీ సరైన మందు పడుతోంది.”

“వాడి మీద అమ్మకి కోపమొచ్చిందా?”

భార్య సంచిలోంచి మాత్రల డబ్బా తీసి అతని ఒళ్లో పెట్టింది. “వాడి మీదెందుకు?” అంది.

దర్జీ మూత తీసి, సగం సగం ఖాళీ అయిన అట్టలు ఒక్కొక్కటే నర్సు ముందున్న బల్ల మీద పేర్చసాగాడు.