గొట్టం నిండా చైర్మన్ గారు

ప్రయోగశాలలో ఆవిణ్ణి అందరూ మడతలక్క అనేవాళ్లు. బట్టలు మడతపెట్టినందుకు కాదు, డీఎన్ఏని మడతపెట్టినందుకు. పొడుగాటి డీఎన్ఏ పోగు తీసుకుని, అది ఎక్కడ వంగాలో ఎక్కడ అతుక్కోవాలో చెప్పే చిన్న ముక్కలు కలిపి, వేడిచేసి నెమ్మదిగా చల్లార్చేది. పోగు తనంతట తానే కోరిన ఆకారంలోకి ముడుచుకునేది. ఆ ముక్కల్లోని అక్షరాలే ప్రోగ్రామ్. అది నడవడానికి చుక్క నీళ్లు చాలు.

కొన్నేళ్లుగా ఆవిడ ఒక పెట్టె తయారుచేస్తోంది. కంటికి కనపడనంత చిన్నది. జబ్బు కణం తగిలినప్పుడే మూత తెరుచుకుని లోపలి మందు వదలాలి. మూత మాత్రం మొరాయిస్తోంది.

అంతలో డైరెక్టర్ పిలిచాడు.

"అమ్మా, వచ్చే వారం చైర్మన్ గారు వస్తున్నారు. ఆయన మొహం చెయ్యాలి."

"ఏం చెయ్యాలి సార్?"

"మొహం. నీ డీఎన్ఏతో."

"సార్, పెట్టె పని..."

"పెట్టెకేం తొందర? జబ్బులెక్కడికీ పోవుగా!"

ఇంటికెళ్లి చైర్మన్ ఫొటో మొగుడి ముందు పడేసింది. ఆయన బళ్లో డ్రాయింగు మాస్టారు.

"చెవులు పెద్దవి పెట్టు. ఆయనలో గుర్తుండేవి అవే," అన్నాడు.

"పెడితే నా ఉద్యోగం ఊడుతుందండీ."

"పెట్టకపోతే ఎవరి మొహమో తెలీదు."

చెవులు పెట్టింది. మొహం అచ్చు గుద్దినట్టు వచ్చింది. కానీ చెవుల అంచులు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపే ముక్కలు తెప్పించే టైము లేకపోయింది. మైక్రోస్కోపు కింద చూస్తే చైర్మన్లందరూ చెవీ చెవీ అంటించుకుని బారులు తీరి ఉన్నారు. కొందరు తలకిందులుగా.

"రెండ్రోజులివ్వండి సార్, సరిచేస్తాను," అని బతిమాలింది.

"ఆయన రేపొస్తుంటే రెండ్రోజులేంటమ్మా!" అన్నాడు డైరెక్టర్.

మర్నాడు చైర్మన్ మైక్రోస్కోపు తెర ముందు నిలబడ్డాడు.

"వీళ్లంతా ఎవరు?"

"మీరే సార్. గొట్టంలో ఇంకా కోట్లల్లో ఉన్నారు," అంది మడతలక్క.

"ఇలా అతుక్కుపోయారేం?"

ఆవిడ నోరు తెరిచేలోపే డైరెక్టర్ అందుకున్నాడు. "ఐకమత్యం సార్!"

"మరి ఆ తలకిందుల వాళ్లు?"

"సమస్యని అన్ని వైపుల నుంచీ ఆలోచిస్తున్నారు సార్."

చైర్మన్ కళ్లు చెమర్చాయి. ఆ బొమ్మ గోడంత చేయించి గుమ్మంలో పెట్టమన్నాడు. ముఖాకృతుల విభాగం అని కొత్తగా ఒకటి పెట్టించి మడతలక్కని దానికి అధిపతిని చేశాడు. బోర్డు సభ్యులు ఫొటోలు పట్టుకుని వరస కట్టారు. పెట్టె తాలూకు గొట్టాలన్నీ ఫ్రీజర్ అడుక్కి చేరాయి.

ఆ సాయంత్రం ఆవిడ అన్నం ముందు ఊరికే కూర్చుంది. అందరూ అభినందిస్తున్నారు, ఒళ్లు మండిపోతోంది. "నేను చేసే పని ఎవరికీ అక్కర్లేదండీ," అంది.

"నీ పని కాదు, దాని పేరు వాళ్లకి రుచించలేదు," అన్నాడు మాస్టారు.

ఆవిడ కంచం దగ్గరికి లాక్కుంది.

మర్నాడు డైరెక్టర్ దగ్గరికెళ్లింది. "సార్, మొహం ఒక్కటే ఉంటే వెలితిగా ఉంది. చైర్మన్ గారికి చేతిపెట్టె కూడా చేద్దామా?"

"భేష్! మూత ఉంటుందా?"

"ఉంటుంది సార్. కానీ ఎవరు తడితే వాళ్లకి తెరుచుకోకూడదు కదా."

"ఛఛ, చైర్మన్ గారి పెట్టె! తగినవాళ్లకే తెరుచుకోవాలి. నీకేం కావాలో తెప్పించుకో."

కావలసినవన్నీ వారం తిరక్కుండా వచ్చాయి. మూత అతుకులు మార్చింది, మళ్లీ మార్చింది. మందు బదులు మెరిసే రంగు నింపి, జబ్బు కణాలు కలిపింది. తెర మీద ఒక మెరుపు, పక్కనే ఇంకోటి, తర్వాత తెరంతా. ఆరోగ్యంగా ఉన్న కణాల గొట్టం మాత్రం చీకటిగానే ఉంది. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోవడం మర్చిపోయి, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడిపోయింది.

ఇప్పుడా పెట్టెని ఎలకల మీద పరీక్షిస్తున్నారు, చైర్మన్ గారి పేరుతోనే. మడతలక్క ఈ వారం డైరెక్టర్ గారి అత్తగారి మొహం చేస్తోంది. అత్తగారికి నవ్వు మొహం కావాలట. ఆ నవ్వు ఇంతవరకూ ఇంట్లో ఎవరూ చూడలేదు కాబట్టి, ఎలా ఉంటుందో ఊహించి చెయ్యమన్నారు.