తలుపు రంగు కారు

కారులో కరెంటు పోవడానికి కారకుడు ఉబాల్డో. బండి పూర్తిగా ఆగకముందే ఎవెలియో ఆ సంగతి తేల్చేసుకున్నాడు.

చెరకు రైలు పట్టాల దగ్గర వేగం తగ్గించాడు. చక్రాలు పట్టాలెక్కి దిగాయి, బండి ఒక్క కుదుపు కుదిపింది, అంతే. ఇంజను చచ్చింది. హారను నొక్కితే పలకలేదు. సెల్ఫ్ కొడితే కిక్కురుమనలేదు. డెబ్భై ఏళ్ళ నాటి అమెరికా కారు, ఇంటి గుమ్మమంత వెడల్పు, క్యూబాలోని కమహువాని ఊరి నడివీధిలో నీలంగా మెరుస్తూ నిలబడిపోయింది.

వెనక సీటు నిండా గులాబీ రంగు గౌను. ఆ గౌను మధ్యలో ఎక్కడో మనవరాలు యాదిరా ఉంది. ఇవాళ ఆ పిల్లకు పదిహేను నిండాయి, ఆ దేశంలో అది పెళ్ళంత వేడుక. నాలుగింటికి హాలు ముందు దిగాలి. ఫోటోగ్రాఫరు, పిల్లతోపాటు డాన్సు చేసే పద్నాలుగు జంటలు, బంధువులంతా అక్కడ కాచుకుని ఉన్నారు. ఇప్పుడు మూడుంపావు దాటింది.

"నీ పదిహేనో పుట్టినరోజుకి ఈ కార్లోంచే దిగుతావే" అని ఆ పిల్లకు మాటిచ్చింది నెరేయిదా, ఎవెలియో భార్య. రెండేళ్ళ క్రితం పోయేముందు మంచంలోంచి మళ్ళీ అదే గుర్తు చేసింది. ఎవెలియో తలాడించాడు. ఆ తలాడింపే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

వెనకే బుల్లి రష్యన్ కారులో కేకు తెస్తున్న ఉబాల్డో దిగి వచ్చాడు. నెరేయిదాకు తమ్ముడు. మనిషి గుండ్రంగా ఉంటాడు, ఎప్పుడూ నవ్వుతుంటాడు. ఎవెలియోకు ఆ రెండూ గిట్టవు.

"ఏమైంది బావా?"

"నువ్వే అయ్యావు."

"నేనేం చేశాను?"

"గురువారం పందిని తెస్తానని బండి అడిగావు. ఇచ్చాను. అక్కడి వరకూ నా తప్పు. తర్వాతదంతా నీ తప్పు."

"పంది డిక్కీలో ఉంది. వైర్లు ముందున్నాయి. అది పంది బావా, ఎలక్ట్రీషియను కాదు."

ఈలోగా వీధంతా బయటికొచ్చింది. ఆ ఊళ్ళో బండి ఆగితే ప్రతివాడూ మెకానిక్కే. తలకు రోలర్లు చుట్టుకుని ఉయ్యాల కుర్చీలో ఊగుతున్న చేలా అనే ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే తేల్చింది.

"ఫ్యూజే! మా ఆయనదీ ఇలాగే పోయేది."

"మీ ఆయనకసలు బండే లేదు కదే" అన్నాడు మంగలి. షాపు కుర్చీలో సగం గడ్డంతో ఉన్నవాణ్ణి వదిలేసి వచ్చాడు. "కాయిల్ పోయింది. రాసిస్తాను కావాలంటే."

"రాసి నీ నెత్తిన అంటించుకో" అన్నాడు ఎవెలియో.

"తాతా, చెమటకి పౌడరంతా కారిపోతోంది" అంది యాదిరా వెనక నుంచి. "ఉబాల్డో తాత బండెక్కేయనా?"

"ఆ సబ్బుపెట్టెలోనా? మీ అమ్మమ్మ పైనుంచి చూస్తుంది. కూర్చో."

"అందులో పట్టదు కూడానే పిల్లా" అన్నాడు ఉబాల్డో. "నువ్వెక్కితే కేకు దిగాలి."

ఎవెలియో బానెట్ ఎత్తాడు. బ్యాటరీ దొంగలు తిరిగే ఊరు, అందుకని రోజూ సాయంత్రం బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకుంటాడు. ఈ రెండేళ్ళుగా అది మంచం పక్కన, నెరేయిదా చెప్పులుండే చోట, పాత పేపర్ల మీద పడుకుంటోంది. పొద్దున్నే మళ్ళీ బిగిస్తాడు. ఇవాళా బిగించాడు. బిగింపులు రెండూ ఊపి చూశాడు. కదల్లేదు.

ఉబాల్డో జేబులోంచి రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు తీశాడు.

"నువ్వు ముట్టుకోకు" అన్నాడు ఎవెలియో.

"ముట్టుకోను. నువ్వే పట్టుకో. నా చేతుల్లో పంది ఉందిగా."

మంగలి పకపకా నవ్వాడు. ఎవెలియో బల్బు లాక్కుని, ఒక వైరు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది మైనస్ మీద పెట్టాడు. చటుక్కున వెలిగింది.

"బ్యాటరీలో ప్రాణం ఉంది" అంది చేలా, డాక్టరమ్మలా.

ప్లస్ మీది వైరు అలాగే ఉంచి రెండోది ఇంజనుకు ఆనించాడు. వెలగలేదు. బంపరుకు ఆనించాడు. వెలగలేదు. ఇంకోసారి, గట్టిగా అదిమి చూశాడు. ఊహూఁ.

అర్థమైంది. బ్యాటరీ బాగుంది, మైనస్ వైరు మాత్రం బండి బాడీని అందుకోవడం లేదు. ఆ వైరు రెండో కొస లోపలి రేకుకు ఒకే ఒక్క బోల్టుతో బిగించి ఉంది. ఎవెలియో రెంచి పెట్టాడు. బోల్టు వేళ్ళతో తిప్పినా తిరిగేంత వదులుగా ఉంది. ఊడదీశాడు.

కింద నీలం రంగు. నున్నగా, దళసరిగా, రెండు పూతలు.

గడిచిన ఆదివారం బండికంతా తనే బ్రష్షుతో రంగు వేశాడు. ఇంటి తలుపు కోసం నెరేయిదా ఏరి తెచ్చుకున్న రంగు, డబ్బాలో మిగిలిపోయింది. మగాళ్ళు బానెట్ ఎత్తి ఫోటో దిగుతారని బోల్టులు ఊడదీసి లోపలా వేశాడు. ఉబాల్డో గోడ మీంచి చూస్తూ, "బోల్టు కింద మాత్రం వేయకు బావా, కరెంటు అందదు" అన్నాడు. "నాకు చెప్పొచ్చావా" అన్నాడు ఎవెలియో. అక్కడే ఇంకో పూత కూడా వేశాడు. అప్పట్నుంచీ బోల్టు మరల దగ్గర ఎక్కడో ఇనుము ఇనుమును తాకుతూ నెట్టుకొచ్చింది. పట్టాల కుదుపుకి అదీ వదిలింది.

ఉబాల్డో వంగి చూశాడు. నీలాన్ని చూశాడు, బావను చూశాడు. నవ్వు ముఖం మాత్రం ఆ క్షణం నవ్వలేదు.

"గీకడానికి ఏదైనా కావాలి" అన్నాడంతే.

కిటికీలోంచి గులాబీ రంగు చెయ్యి వచ్చింది. చేతిలో గోళ్ళు అరగదీసుకునే ఆకురాయి. ఎవెలియో గీకాడు. నీలం పొడి రాలింది, కింద ఇనుము తెల్లగా బయటపడింది. బోల్టు బలమంతా పెట్టి బిగించాడు.

యాదిరా ముందుకు వంగి హారను నొక్కింది. వీధి అదిరింది. చేలా కుర్చీలోంచి లేచింది. సగం గడ్డంవాడు చప్పట్లు కొట్టాడు.

నాలుగింటికి రెండు నిమిషాలు తక్కువలో గౌను కార్లోంచి దిగడం మొదలుపెట్టింది, నాలుగింటికి పూర్తయింది. కేకు ఒక పక్కకు ఒరిగింది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

"ఆఖరి నిమిషం దాకా రాలేదేం! ఏమైంది నాన్నా?" అంది కూతురు మరిలూ, మెట్ల మీద, అందరి ముందూ.

ఎవెలియో నోరు తెరిచాడు.

"నా వల్లే" అన్నాడు ఉబాల్డో. "గురువారం పందిని ఎక్కించేటప్పుడు వైరేదో లాగేసినట్టున్నాను."

మరిలూ తిట్టింది. ఆమె అత్తగారు తిట్టింది. ఉబాల్డో గుండ్రటి తల వంచుకుని అన్నీ తిన్నాడు, మధ్యలో ఒకసారి బావ వైపు చూశాడు. ఎవెలియో జేబులో ఆకురాయి ఉంది. దాని పళ్ళ నిండా నీలం. ఒక్క మాట చాలు. ఆకురాయిని జేబులో ఇంకా లోపలికి నెట్టాడు.

"ఇంక చాలు" అన్నాడు. "ఆ బండి సంగతి ఇకమీదట నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేను మాత్రం నోరు విప్పను. ఇవాళా విప్పను, ఎన్నడూ విప్పను."