బుగ్గ కింద చెయ్యి

ఎడమకాలే ముందు దూర్చాలి. కుడికాలు ముందు పెడితే మోకాలు పట్టేసి, ఇద్దరు లాగితే గానీ బయటికి రాదు. జడలభూతం తోలు తొడుక్కోవడంలో ఉన్న కిటుకల్లా అదే. అందరూ బాబాయ్ అని పిలిచే ఆ ముసలి నటుడు ఎడమకాలు దూర్చి, బొజ్జ లోపలికి పీల్చి, వీపు మీది జిప్పు కోసం చెయ్యి వెనక్కి చాచాడు. చెమటకు తడిసి, ఆరి, మళ్ళీ తడిసిన ఆ బొచ్చు వాసనకు సెట్టులో పిల్లులు కూడా దూరం నుంచే దండం పెడతాయి.

అడవిలో హత్యలు చేసే జడలభూతాన్ని ఒక ఇన్‌స్పెక్టరు వేటాడే సీరియల్ అది. మొదటినుంచీ భూతం వేషం ఈయనదే. ఇంటింటా పిల్లలు ఆయన్ని చూసి జడుసుకుంటారు గానీ, ఆయన మొహం ఎవరూ చూసిన పాపాన పోలేదు. "మా ఆయన టీవీలో వేస్తారు" అని భార్య చెప్పుకుంటే, సందులో ఆడవాళ్ళు "ఏం వేషం వదినా, చెట్టా?" అని నవ్వేవారు.

ఈరోజు భూతం చస్తుంది. చచ్చాక మనిషిగా మారుతుంది. అప్పుడు నీ మొహమే చూపిస్తానని డైరెక్టరు మాటిచ్చాడు. అందుకే బాబాయ్ పొద్దున్నే గడ్డం గీసుకుని, మీసానికి రంగేసుకుని వచ్చాడు. భార్య కూడా కొండంత ఆశతో వచ్చి, ఓ మూల చెక్కపెట్టె మీద కూర్చుంది.

డైరెక్టరు ఆ బట్టతలనూ, సొట్టలు పడే బుగ్గలనూ కెమెరాలోంచి చూసి తల గోక్కున్నాడు.

"ఏమీ అనుకోకు బాబాయ్. నీ మొహం చూస్తే దారి అడగాలనిపిస్తుంది గానీ పారిపోవాలనిపించదు. భూతాన్ని భూతంగానే చావనిద్దాం."

"అలాగే బాబూ" అన్నాడు. ఎవరేమన్నా ఆయన అనే మాట అదొక్కటే. ప్రాణం మాత్రం ఉసూరుమంది. భార్య వైపు చూడలేక గబగబా ముసుగు తగిలించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కాల్చాడు. భూతం తూలి, అట్టచెట్టు విరగకుండా జాగ్రత్తగా ఆనుకుని, నేలకూలింది. ఆపైన శవం ముందు ఇన్‌స్పెక్టరు ఉపన్యాసం. ఆయన మాట మరిచిపోయినప్పుడల్లా కథ మళ్ళీ మొదటికొచ్చేది. శవానికి వేరే పనేముంది? నిద్ర పట్టేసింది. కాసేపటికి అది మెల్లగా పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని, కుడి చెయ్యి బుగ్గ కింద పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు ఉపన్యాసం ఆపి వంగి చూశాడు. ఆపమనబోయిన డైరెక్టరు ఎత్తిన చెయ్యి దించలేదు. అంతమందిని పొట్టన పెట్టుకున్న భూతం పసిబిడ్డలా పడుకునేసరికి అందరికీ గుండె కలుక్కుమంది. మేకప్ అమ్మాయి ముక్కు చీదుకుంది.

"ఇదే ఉంచుదాం" అన్నాడు డైరెక్టరు గొంతు తగ్గించి.

అప్పుడే శవం గురక పెట్టింది.

సాయంత్రం భార్యే జిప్పు విప్పింది. బాబాయ్ తల దించుకుని, "మొహం చూపించరటే. సందులో నీకు తలవంపులు తెచ్చాను" అన్నాడు.

"మొహం ఎవరిక్కావాలండీ? ఎండాకాలమంతా వాకిట్లో మంచమేసుకుని మీరు పడుకునేది అలాగేగా. సందంతా చూసిందేగా. టీవీలో భూతం ఒత్తిగిలగానే పక్కింటావిడ చేతిలో గిన్నె జారుతుందో లేదో చూడండి."

ఆయన బుగ్గలు మళ్ళీ సొట్టలు పడ్డాయి. అందరికీ పేరుపేరునా వెళ్ళొస్తానని చెప్పి, భార్య వెనకే గేటు దాటాడు. ఇక ఇక్కడ ఆయనకు పని లేదు.

తోలు కొక్కానికి వేలాడుతోంది. బల్ల మీది భూతం ముసుగుకు కుడి బుగ్గ మీద బొచ్చు అరచేయి మేర అణిగిపోయి, ఇంకా లేచి నిలబడలేదు.