బోర్లించిన నంబర్లు

పార్కింగ్ స్థలం నడిమధ్య, అందరూ చూస్తుండగా, గుక్ అన్నను మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఏళ్ల తరబడి మా ఇంచియాన్ నగరం వీధుల్లో సిటీ బస్సు నడిపి, ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్‌గా ఉన్న పెద్ద మనిషి. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు. చుట్టూ ఫోన్లు పట్టుకుని కాపురస్తులు. ఎదురుగా మెరిసే బూట్లతో మేనేజర్ తక్.

"చెప్పు! వీళ్లందరి నంబర్లు ఎవరికి అమ్ముకున్నావ్?" అని తక్ గొంతు చించుకున్నాడు.

బదులు వినడానికి తక్ అడగలేదు, పదిమందికీ వినిపించడానికి అడిగాడు. చీపురు పట్టుకుని మెట్ల మీద నిలబడి చూస్తున్న నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ నంబర్లు తీయమన్నది తక్కే. తీయనన్నది గుక్ అన్న ఒక్కడే.

మా దగ్గర కార్లు ఎక్కువ, చోటు తక్కువ. ఆలస్యంగా వచ్చినవాళ్లు ముందున్న కారుకు అడ్డంగా పెట్టి, బ్రేకు వేయకుండా వదిలి, అద్దం వెనక ఫోన్ నంబరు అట్ట ఉంచి పోతారు. అడ్డమైతే వాచ్‌మన్లు ఆ కారును చేతులతో నెడతారు, కదలకపోతే నంబరుకు ఫోన్ చేస్తారు. ఇరుగుపొరుగు మర్యాద అది. మేయర్ ఎన్నికలు రాగానే ఆ మర్యాద మీద, మేయర్ పదవికి నిలబడ్డ ప్యో మనుషుల కన్ను పడింది. మమ్మల్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ యజమాని ఆ ప్యోకి చుట్టం. అద్దాల వెనకున్న నంబర్లన్నీ ఫోటోలు తీసి పంపమని వాచ్‌మన్లకు తక్ హుకుం జారీ చేశాడు. ఆఫీసులో ఏ ఇంట్లో ఎవరున్నారో రాసున్న వివరాలు తనే ఎత్తి ఇచ్చాడు. అప్పట్నుంచి ప్రతి ఇంటికీ పేరు పెట్టి మరీ మెసేజ్‌లు. 103వ భవనంలో సెరిన్ అనే కాలేజీ అమ్మాయి ఉంది. వాళ్ల నాన్న పోయి ఏడాది. ఆయనకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి, ఓటు ప్యోకే వేయమని పంపారు. వాళ్లమ్మ ఆ ఫోన్ పట్టుకుని రోజంతా ఏడ్చింది.

జనం తిరగబడేసరికి తక్‌కు ఒక దొంగ కావాల్సి వచ్చాడు. మాట విననివాణ్ణి దొంగను చేశాడు.

ఆ మధ్యాహ్నం నేలమాళిగలో, పైపుల పక్కన ఊడ్చే పని చేసే మేం ఆడవాళ్లం అన్నం తినే గదిలో, గుక్ అన్న కూడా వచ్చి కూర్చున్నాడు. నేను మొలకల పులుసు గిన్నె ఆయన ముందుకు తోశాను.

"ఎందుకు కూర్చున్నావన్నా మోకాళ్ల మీద? మొహం మీద చెప్పాల్సింది!"

"చెప్తే ఏమవుద్ది సున్‌రే? మూడు నెలల కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతోంది. నాదొక్కడిదే కాదు, కుర్రాళ్లందరిదీ."

"అందుకని తొక్కించుకుంటావా?"

గుమ్‌హీ పక్కన కూర్చుని, కారం పట్టిన క్యాబేజీ కిమ్చీని కత్తెరతో ముక్కలు చేస్తోంది. 107వ భవనం మెట్లు తుడిచే మనిషి. మొగుడి దెబ్బలకు డేగూ నుంచి పారిపోయి వచ్చింది. ఊరు మార్చింది, నంబరు మార్చింది. తన చిరునామా మొగుడు అడిగినా ఇవ్వొద్దని సర్కారు ఆఫీసులో రాయించి పెట్టుకుంది. నవ్వితే ముందు పన్ను లేని సందు కనిపిస్తుంది. అది ఆయన ఊడగొట్టిందే.

ఆమె ఫోన్ మోగింది. చేతులకు కారం ఉండటంతో మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"నమస్కారమండీ, ప్యో గారి ప్రచార కార్యాలయం నుంచి. 107లో మెట్లు తుడిచే గుమ్‌హీ గారేనా?"

"ఆ, నేనే. మీరెవరు?"

అవతల చిన్నగా నవ్వు. "ఏమే, మన జున్‌హో అమ్మా, మొగుడి గొంతు కూడా మర్చిపోయావా? మెట్లు బాగా తుడువు. వచ్చి చూస్తా."

కత్తెర గిన్నెలో పడింది. గుమ్‌హీ వెళ్లి గోడ మూలన కూర్చుని రెండు చేతులతో తల కప్పుకుంది, కారం జుట్టుకు అంటుకుంటున్నా సరే. దెబ్బ తగలకముందే తల కాచుకునే అలవాటు అది.

ఆ కొత్త నంబరు ఆమె బయట ఎవరికీ ఇవ్వలేదు. పనిలో చేరేటప్పుడు కంపెనీకి ఇచ్చింది, అంతే. అంటే కార్లున్నవాళ్లను మాత్రమే కాదు, చీపుర్లు పట్టినవాళ్లను కూడా ఊడ్చి పార్టీకి పోశారు. పార్టీ ఆ పేర్లను ఊరూరా కూర్చోబెట్టిన తన మనుషులకు పంచింది. ఆ మనుషుల్లో ఈ మృగం ఒకడు.

అందరం తక్ గదిలోకి దూరాం.

"నంబరే కదమ్మా! నగలేం కాదుగా ఎత్తుకుపోవడానికి? చేరేటప్పుడు ఒప్పుకునే సంతకం పెట్టారు. ప్యో గారు గెలిస్తే కాంట్రాక్టు మనకే ఉంటుంది. మీ అన్నం గురించే నేను తిప్పలు పడుతున్నా," అన్నాడు తక్.

"నా ప్రాణం పోతే ఆ అన్నం ఎవరు తింటారు సార్?" అంది గుమ్‌హీ.

"మొగుడూ పెళ్లాల గొడవలు ఆఫీసుకు తేవద్దు."

స్టేషనుకు వెళ్లాం, పోలీసులు ఇంకా తెలివైనవాళ్లు. ఫోన్ చేసి ఓటడగడం నేరం కాదన్నారు. అతను వచ్చి ఏమైనా చేస్తే అప్పుడు చెప్పమన్నారు. చచ్చాక వచ్చి ఫిర్యాదు ఇవ్వమనడానికి వాళ్లకు ఇంత మర్యాద ఎక్కడినుంచి వస్తుందో!

సాయంత్రం పిల్లల ఉయ్యాలల దగ్గర మీటింగు పెట్టాం. సెరిన్ ఇంటింటికీ తిరిగి కాపురస్తులను పిలుచుకొచ్చింది. మొదట మాకు తిట్లే పడ్డాయి.

"మా కార్ల ఫోటోలు తీసింది మీ వాచ్‌మన్లే కదా! ఇప్పుడు మళ్లీ మా సాయం కావాలా?" అని ఒకాయన లేచాడు.

గుక్ అన్న ముందుకు వచ్చాడు. "తీశారు బాబూ. నేను తీయలేదు గానీ తీసినవాళ్లను తిట్టను. రేపు ఉద్యోగం ఉంటదో ఊడతదో తెలియని మనిషి చేత ఏ పనైనా చేయించొచ్చు. చేయించినోడు పైన కూర్చున్నాడు. మీరేమో కింద మోకాళ్ల మీదున్న నన్ను చూశారు."

"మీ మోకాళ్ల వీడియో నా ఫోన్లోనూ ఉంది తాతా. సిగ్గేస్తోంది," అంది సెరిన్.

పూల చొక్కా వేసుకున్న ఒకావిడ చిరాకు పడింది. "ఎందుకండీ ఇంత రాద్ధాంతం? నంబరు బ్లాక్ చేసి పారేస్తే పోదా?"

"మీరు బ్లాక్ చేస్తే మెసేజ్ ఆగిపోద్దమ్మా. నేను బ్లాక్ చేస్తే మనిషే వస్తాడు," అంది గుమ్‌హీ.

సరిగ్గా అప్పుడే అవతలి పార్టీ మనిషి ఒకడు, వాసన పట్టినట్టు, వంగి వంగి దండాలు పెడుతూ వచ్చాడు. పత్రికల వాళ్లను తెస్తానన్నాడు, ప్యో అంతు చూస్తానన్నాడు. "మీరేం భయపడకండి గుమ్‌హీ గారూ" అని ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అప్పటికి మేమెవరమూ ఆమె పేరు చెప్పలేదు.

"నా పేరు నీకెవడు చెప్పాడయ్యా?" అంది గుమ్‌హీ.

పూల చొక్కా ఆవిడ లేచి, "అయితే మా పేర్లు మీ దగ్గరా ఉన్నాయన్నమాట! పోరా ఇక్కణ్ణుంచి!" అని అతన్ని గేటు దాకా తరిమింది. మేం ఎంత మొత్తుకున్నా కలవని జనం ఆ క్షణాన కలిశారు. శనివారం ఉదయం ప్యో ప్రచార బండి వస్తుందని తెలుసు. ఏం చేయాలో అక్కడే తేల్చుకున్నాం.

శనివారం ప్యో బండి పాటలు మోగించుకుంటూ లోపలికి వచ్చింది. ఒకే రంగు కోట్లు తొడుక్కున్న పిల్లలు డాన్సు చేశారు. ప్యో చేతులూపాడు, పసిపిల్లల బుగ్గలు నిమిరాడు. గుమిగూడిన జనంలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ప్యోకి చెమట పట్టింది. పోదాం పదమన్నాడు. తీరా చూస్తే బండికి ముందూ వెనకా కార్లు అడ్డంగా ఉన్నాయి.

"ఎవరి కారిది? ఫోన్ చేయండి!"

"నంబరు లేదు సార్. అట్ట బోర్లించి ఉంది."

"పక్కది?"

"అదీ అంతే సార్. అన్నీ అంతే."

తక్ వాచ్‌మన్ల మీదికి ఉరికాడు. "చూస్తారేంటి? నెట్టండి!"

"బ్రేకులు వేసున్నాయి మేనేజర్ గారూ. నెట్టినా కదలవు. మేమూ కదలం," అన్నాడు గుక్ అన్న. ఫోటోలు తీసిన కుర్రాళ్లందరూ ఆయన పక్కన వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డారు.

ఈ సందట్లో పార్టీ కోటు వేసుకున్న ఒక లావుపాటి మనిషి గుంపులోంచి జారుకుని 107 వైపు నడిచాడు. నేను అతన్ని ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ నడక చూసి గుర్తుపట్టాను. అడుగు అడుగుకీ ఇది నా సొత్తన్నట్టు నడుస్తున్నాడు. "అమ్మాయిలూ, మెట్లు!" అని కేకేశాను. పన్నెత్తి మాట్లాడని ఆడవాళ్లు కూడా మాప్ కర్రలు పట్టుకుని పరుగెత్తారు. మెట్టుకొకరం నిలబడ్డాం. పూల చొక్కా ఆవిడ అందరికన్నా కింది మెట్టు మీద నిలబడింది.

"తప్పుకోండే! నా పెళ్లాంతో మాట్లాడాలి!"

"మెట్లు తడిగా ఉన్నాయి. జారితే పళ్లూడతాయ్," అన్నాను.

అతను పూల చొక్కా ఆవిణ్ణి ఒక్క తోపు తోశాడు. ఆమె పడింది, మోచెయ్యి చీరుకుపోయింది. అంతే, పైమెట్టు నుంచి కర్రలన్నీ ఒక్కసారిగా కిందికి దిగాయి. అతను వెనక్కి నడుస్తూ, తూలుతూ, ప్యో బండి దాకా వెళ్లి దాని చక్రానికి ఆనుకున్నాడు. జనం చుట్టుముట్టారు. అప్పుడు గుమ్‌హీ మా మధ్యలోంచి నడిచి వచ్చింది. బండెక్కి ప్యో చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఈ మనిషి నుంచి నేను దాక్కున్నా! నా ఆచూకీ ఇతనికి ఇచ్చింది ఈ పార్టీ! ఈ పార్టీకి ఇచ్చింది ఆ తక్! నా వీపు మీద మచ్చలున్నాయ్, ఓట్లు లేవ్!"

భవనాల మధ్య ఆ గొంతు ప్రతి కిటికీకీ తగిలింది. కిటికీలు తెరుచుకున్నాయి. పై అంతస్తుల్లోంచి అరుపులు మొదలయ్యాయి. తక్ వాచ్‌మన్ గదిలో దూరి లోపల గడియ పెట్టుకున్నాడు.

ఆమె భయపడి వెళ్లి చెప్పుకున్న రోజున తీరిక లేని పోలీసులు, ప్యో భయపడగానే నిమిషాల్లో బస్సు వేసుకుని వచ్చారు. ఎన్నికల ప్రచారానికి ఆటంకం అన్నారు. లావుపాటి వాణ్ణి పక్కకు తీసుకెళ్లి మాట్లాడి పంపించేశారు. నా నోటికి వచ్చిన మాటలు అచ్చులో రాసేవి కావు.

గుక్ అన్న చేతులకు బేడీలు వేశారు. తర్వాత అధికారి గుమ్‌హీ ముందుకొచ్చి, ఫోన్ తీసి నొక్కుకోవడానికి సిద్ధమయ్యాడు.

"పేరు? ఫోన్ నంబరు?"

గుమ్‌హీ అతని మొహంలోకి చూసింది.

"అందరూ నన్ను అడక్కుండా తీసుకున్నారు. నువ్వొక్కడివే అడిగావు. ఇవ్వను."

"ఇవ్వకపోతే స్టేషనుకు తీసుకెళ్లాల్సి వస్తుంది."

"తీసుకెళ్లు."

అతను నావైపు తిరిగాడు. "నీ పేరు?"

"ఇవ్వను."

సెరిన్‌ను అడిగాడు. ఇవ్వనంది. ఫోటోలు తీసిన కుర్రాళ్లను అడిగాడు. ఇవ్వమన్నారు. మోచేతి నుంచి నెత్తురు కారుతున్న పూల చొక్కా ఆవిణ్ణి అడిగాడు. ఆమె ఇవ్వనని చెప్పి, తనే పోలీసు బస్సు తలుపు తీసుకుని మొదటి సీట్లో కూర్చుంది. ఆమె వెనక మేం ఎక్కాం. బస్సు నిండిపోయింది. కింద ఇంకా వరుస ఉంది, భవనాల్లోంచి జనం చెప్పులేసుకుని దిగి వచ్చి ఆ వరుసలో నిలబడుతున్నారు.